రాన్ లాంకాస్టర్: గెలుపోటముల మధ్య ఒక క్వార్టర్‌బ్యాక్, ఒక శిక్షకుడు

రాన్ లాంకాస్టర్ (1938–2008) కెనడా ఫుట్‌బాల్ చరిత్రలో అగ్రశ్రేణి క్రీడాకారులలో ఒకరు. అమెరికాలో పుట్టి, కెనడాలో స్థిరపడి, ఆ దేశపు ఆటకు దాదాపు అర్ధశతాబ్దం సేవ చేశారు. 19 సీజన్లు ఆటగాడిగా, పదేళ్లు టెలివిజన్ వ్యాఖ్యాతగా, మూడు నగరాల జట్లకు ప్రధాన శిక్షకుడిగా పనిచేశారు. ఆటగాడిగా రెండు, శిక్షకుడిగా రెండు గ్రే కప్‌లు అందుకున్నారు. ఆయన జీవితం విజయాల జాబితా మాత్రమే కాదు. శిక్షకుడిగా తొలి రెండేళ్లలో ఆడిన 32 ఆటలలో నాలుగింట మాత్రమే గెలిచి, పదవి పోగొట్టుకుని, పదేళ్ల తర్వాత తిరిగి వచ్చి దేశ విజేతలను తయారుచేశారు. పేరున్న ఆటగాడు శిక్షకుడిగా ఎందుకు విఫలమవుతాడో, విఫలమైనవాడు మళ్లీ ఎలా నిలబడగలడో తెలుసుకోవడానికి ఆయన చరిత్ర మంచి ఉదాహరణ.

ఆట స్వరూపం

కెనడాలో ఫుట్‌బాల్ అన్నది కాలితో బంతిని తన్నే సాకర్ కాదు. ఇది రగ్బీ నుండి పుట్టి, అమెరికా ఫుట్‌బాల్‌తో పాటు పెరిగిన ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతారు, లేదా తోటి ఆటగాడికి విసురుతారు. ఒక్కో జట్టులో 12 మంది ఆడతారు. లాంకాస్టర్ ఆడిన రోజులలో మైదానం పొడవు 110 గజాలు, వెడల్పు 65 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టు మూడు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ప్రత్యర్థి పాలవుతుంది. అమెరికా ఆటలో జట్టుకు 11 మంది, ప్రయత్నాలు నాలుగు. ఒక ప్రయత్నం తక్కువ కావడం వల్ల కెనడా ఆటలో బంతి విసరడానికి ప్రాధాన్యం ఎక్కువ.

బంతితో ప్రత్యర్థి గోల్ రేఖ దాటితే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. బంతిని గోల్ స్తంభాల మధ్య నుండి తన్నితే ఫీల్డ్‌గోల్, దానికి 3 పాయింట్లు. గ్రే కప్ ఈ ఆటలో అత్యున్నత బహుమతి. కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న ఎర్ల్ గ్రే 1909లో దీనిని బహూకరించారు.

దాడికి దిగిన జట్టులో కీలక వ్యక్తి క్వార్టర్‌బ్యాక్. కబడ్డీలో కూతకు వెళ్లినవానిపై అందరి చూపూ నిలిచినట్లే ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌పై నిలుస్తుంది. అయితే ఇతడు చాలావరకు తాను ముందుకు వెళ్లడు. వెనుక నిలబడి, ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో కనిపెట్టి, రెండు మూడు క్షణాలలో బంతిని ఎవరికి ఇవ్వాలో నిర్ణయిస్తాడు. ఎదుటి జట్టు బలాఢ్యులు ఆలోపే వచ్చి అతనిని కూలదోయాలని చూస్తారు. లాంకాస్టర్ పొట్టివాడు. ఎదుట నిలిచే భారీకాయుల తలల మీదుగా చూడడమే కష్టమైన చోట ఆయన జట్టును నడిపారు. అందుకే అభిమానులు ఆయనను ‘లిటిల్ జనరల్’, అంటే పొట్టి సేనాని, అని పిలుచుకున్నారు.

తొలి రోజులు

లాంకాస్టర్ 1938 అక్టోబర్ 14న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫెయిర్‌చాన్స్ అనే చిన్న ఊరిలో జన్మించారు. అదే రాష్ట్రంలో ఉక్కు పరిశ్రమకు పేరొందిన క్లెయిర్టన్ పట్టణంలో పెరిగారు. ఒహాయో రాష్ట్రంలోని విట్టెన్‌బర్గ్ కళాశాలలో చదువుతూ క్వార్టర్‌బ్యాక్‌గా రాణించారు. అది పెద్ద కళాశాలల సరసన చేరే సంస్థ కాదు. ఆటగాడిది పెద్ద శరీరమూ కాదు. 1960లో కెనడా రాజధాని జట్టు ఒట్టావా రఫ్ రైడర్స్ ఆయనను చేర్చుకుంది.

ఒట్టావాలో అప్పటికే మరో ప్రతిభావంతుడైన క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. అతని పేరు రస్ జాక్సన్. అతడు కెనడాలోనే పుట్టినవాడు. కెనడా జట్లలో అమెరికా ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి ఉండేది కనుక స్వదేశీ క్వార్టర్‌బ్యాక్ దొరకడం ఏ జట్టుకైనా భాగ్యమే. శిక్షకుడు ఫ్రాంక్ క్లెయిర్ ఇద్దరినీ మార్చి మార్చి ఆడించేవారు. 1960లో ఒట్టావా 16–6 తేడాతో ఎడ్మంటన్‌ను ఓడించి గ్రే కప్ గెలిచింది. ఆటగాడిగా లాంకాస్టర్‌కు అదే తొలి కప్. కానీ ఒక ఒరలో రెండు కత్తులు ఎంతకాలమో ఇమడలేదు. ఒట్టావా జాక్సన్‌ను ఉంచుకుని, 1963లో లాంకాస్టర్‌ను 500 డాలర్లకు సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్‌కు ఇచ్చివేసింది. ఆ రోజులలో కెనడాలో ఒకే ఉచ్చారణ గల పేరుతో రెండు జట్లు ఉండేవి. ఒకటి తూర్పున ఒట్టావాలో, మరొకటి పడమటి గోధుమ పొలాల నడుమ రిజైనా పట్టణంలో.

సస్కాచెవాన్‌లో పదహారేళ్లు

సస్కాచెవాన్ రాష్ట్రం వ్యవసాయ ప్రాంతం. జనాభా తక్కువ, దూరాలు ఎక్కువ, చలి తీవ్రం. అక్కడి జట్టు ఏ ధనవంతుని సొత్తూ కాదు, ప్రజల యాజమాన్యంలోని సంస్థ. ఆట ఉన్న రోజున దూరగ్రామాల రైతు కుటుంబాలు గంటల తరబడి ప్రయాణించి రిజైనాలోని టేలర్ ఫీల్డ్‌కు చేరుకునేవి. 1910లో మొదలైన ఆ జట్టు అప్పటికి ఎనిమిదిసార్లు గ్రే కప్ తుది పోటీకి చేరి ఎనిమిదిసార్లూ ఓడిపోయింది.

లాంకాస్టర్ వచ్చిన తొలి ఏడాదే ఆ మైదానం ఒక అద్భుతాన్ని చూసింది. 1963 పశ్చిమ విభాగపు పోటీలలో సస్కాచెవాన్, కాల్గరీ జట్లు రెండు ఆటలు ఆడాయి. రెండింటి పాయింట్లు కలిపి విజేతను నిర్ణయించాలి. కాల్గరీలో జరిగిన మొదటి ఆటలో సస్కాచెవాన్ 35–9తో చిత్తుగా ఓడింది. 26 పాయింట్ల వెనుకబాటుతో సొంత మైదానానికి వచ్చిన జట్టు రెండవ ఆటను 39–12తో గెలిచింది. మొత్తం లెక్క 48–47. ఒక్క పాయింట్ తేడా. ఈ ఆట ‘టేలర్ ఫీల్డ్ చిన్న అద్భుతం’ అనే పేరుతో చరిత్రకెక్కింది.

అదే 1963లో జార్జ్ రీడ్ అనే మరో అమెరికా యువకుడు జట్టులో చేరాడు. బంతిని చంకన పెట్టుకుని ప్రత్యర్థులను ఛేదించుకుంటూ పరుగెత్తడంలో అతనికి సాటి లేదు. 13 సీజన్లలో 16,116 గజాలు పరుగెత్తాడు. లాంకాస్టర్ చేయి, రీడ్ కాలు కలిసి సస్కాచెవాన్‌ను దేశంలోనే బలమైన జట్లలో ఒకటిగా నిలిపాయి. ఆ రోజులలో ఆటగాళ్ల జీతాలు కుటుంబ పోషణకు చాలినంత ఉండేవి కావు. లాంకాస్టర్ రిజైనాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా కూడా పనిచేశారు. ఆదివారం వేల మంది చప్పట్ల మధ్య ఆడిన మనిషి సోమవారం తరగతి గదిలో ఉండేవారు. ఊరి జనానికి ఆయన నక్షత్రం కన్నా ఇరుగుపొరుగు మనిషిగానే ఎక్కువ పరిచయం.

1966: తొలి కప్

1966 నవంబర్ 26న వాంకూవర్‌లోని ఎంపైర్ స్టేడియంలో గ్రే కప్ తుది పోటీ జరిగింది. ఎదుటి జట్టు ఒట్టావా. దాని క్వార్టర్‌బ్యాక్ రస్ జాక్సన్. మూడేళ్ల క్రితం ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అని ఒట్టావా తూచిన ఇద్దరూ ఇప్పుడు ఎదురెదురుగా నిలిచారు. జాక్సన్ తన సహచరుడు విట్ టకర్‌కు రెండు పొడవైన టచ్‌డౌన్ బంతులు విసిరాడు. లాంకాస్టర్ మూడు టచ్‌డౌన్ బంతులు అందించారు. వాటిని అందుకున్నవారు జిమ్ వార్డెన్, అల్ ఫోర్డ్, హ్యూ క్యాంప్‌బెల్. విరామ సమయానికి స్కోరు 14–14. తర్వాత ఒట్టావాకు ఒక్క పాయింట్ కూడా దక్కలేదు. రీడ్ మరో టచ్‌డౌన్ సాధించాడు. సస్కాచెవాన్ 29–14తో గెలిచి తన చరిత్రలో మొదటిసారి కప్ ఇంటికి తెచ్చుకుంది.

వీరిలో హ్యూ క్యాంప్‌బెల్ పేరు గుర్తుంచుకోదగినది. లాంకాస్టర్ జీవితంలో పాతికేళ్ల తర్వాత అతడే మరో మలుపునకు కారకుడయ్యాడు.

చివరి క్షణంలో చేజారినవి

1966 నుండి 1976 వరకు వరుసగా పదకొండేళ్లు సస్కాచెవాన్ పశ్చిమ విభాగపు తుది పోటీకి చేరింది. అందులో ఐదుసార్లు గ్రే కప్ పోటీలో ఆడింది. గెలిచింది మాత్రం 1966లో ఒక్కసారే. 1967లో హామిల్టన్ చేతిలో 24–1తో ఓడింది. 1969లో ఒట్టావా 29–11తో గెలిచింది. జాక్సన్‌కు అదే చివరి ఆట. కప్‌తోనే అతడు విరమించుకున్నాడు.

ఇతర ఓటములు ఇంతకన్నా బాధాకరమైనవి. 1970లో జట్టు 16 ఆటలలో 14 గెలిచింది. లాంకాస్టర్‌కు లీగ్ ఉత్తమ క్రీడాకారుడి పురస్కారం దక్కింది. అయినా విభాగపు తుది పోటీలో, సొంత మైదానంలో, కాల్గరీ చివరి క్షణపు ఫీల్డ్‌గోల్‌తో 15–14గా గెలిచింది. 1972 గ్రే కప్‌లో స్కోరు 10–10 ఉండగా హామిల్టన్‌కు చెందిన 19 ఏళ్ల ఇయాన్ సంటర్ ఆఖరి తన్నుతో మూడు పాయింట్లు సాధించాడు. 1976లో లాంకాస్టర్ రెండవసారి ఉత్తమ క్రీడాకారుడయ్యారు. ఆ ఏడాది టొరంటోలో జరిగిన తుది పోటీలో సస్కాచెవాన్ 20–16 ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి 20 క్షణాలుండగా ఒట్టావాకు చెందిన టోనీ గేబ్రియల్ గోల్ రేఖ అవతల బంతి అందుకున్నాడు. స్కోరు 23–20. సస్కాచెవాన్ ప్రజలు తరతరాలుగా చెప్పుకునే పరాభవం ఇదే.

చివరి క్షణంలో చేజారిన ఈ ఆటలను తేల్చిన బంతి లాంకాస్టర్ చేతిలో లేదు. అయినా జట్టు ఓడితే ముందుగా క్వార్టర్‌బ్యాక్‌నే వేలెత్తి చూపుతారు. 1978 నాటికి ఆయనకు 40 ఏళ్లు నిండాయి, జట్టు బలహీనపడింది. రిజైనాలో ఆయన ఆడిన చివరి ఆటలో సొంత ప్రేక్షకులే ఎగతాళి కేకలు వేశారు. ఆ తర్వాత వారం ఎడ్మంటన్‌లో తన ఆఖరి ఆట ఆడుతూ మైదానంలోకి దిగినప్పుడు అక్కడి ప్రేక్షకులు, అంటే ప్రత్యర్థి జట్టు అభిమానులు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనుకబడిన జట్టును ఆయన ఆ ఆటలో గెలిపించి విరమించుకున్నారు.

శిక్షకుడిగా వైఫల్యం

1979లో సస్కాచెవాన్ ఆయనకే ప్రధాన శిక్షకుడి బాధ్యత అప్పగించింది. ఫలితం దారుణం. ఆ ఏడాది 16 ఆటలలో రెండు గెలుపులు, 14 ఓటములు. 1980లోనూ సరిగ్గా అవే అంకెలు. ఆ తర్వాత ఆయనను తప్పించారు.

లోపం ఎక్కడుంది? మైదానంలో తనకు చటుక్కున తోచిన ఉపాయాన్ని మరొకరి చేత చేయించడం వేరే విద్య. అప్పటిదాకా జట్టుకు పెద్ద బలం లాంకాస్టర్ చేయే. శిక్షకుడైన మరుక్షణం ఆ బలం జట్టుకు లేకుండా పోయింది. రీడ్ 1975 సీజన్‌తోనే తప్పుకున్నాడు. నిన్నటి సహచరులకు నేడు అధికారి కావడం మరో చిక్కు. అయితే నేరమంతా ఒక్కరిదే కాదనడానికి లెక్కలే సాక్ష్యం. సస్కాచెవాన్ 1977 నుండి 1987 వరకు వరుసగా 11 ఏళ్లు తుది దశ పోటీలకు అర్హత పొందలేదు. ఆ కరువు ఆయన శిక్షకుడు కాకమునుపే మొదలైంది, ఆయన వెళ్లిన తర్వాత మరో ఏడేళ్లు సాగింది.

ఆ రెండేళ్లలోనే ఎడ్మంటన్ జట్టు వరుస గ్రే కప్‌లు గెలుస్తోంది. దాని శిక్షకుడు ఒకప్పుడు లాంకాస్టర్ విసిరిన బంతులు అందుకున్న హ్యూ క్యాంప్‌బెల్. 1978 నుండి 1982 వరకు అతని జట్టు ఐదు కప్‌లు వరుసగా గెలిచింది.

వ్యాఖ్యాతగా పదేళ్లు

1981 నుండి 1990 వరకు లాంకాస్టర్ కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీలో ఆట వ్యాఖ్యాతగా పనిచేశారు. 1982లో కెనడా ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో ఆయనకు స్థానం లభించింది. చాలామంది క్రీడాకారుల కథ అక్కడితో ముగుస్తుంది. కానీ వ్యాఖ్యాత స్థానం ఆయనకు ఆటగాడికీ, ఒక జట్టు శిక్షకుడికీ దొరకని వీలు కల్పించింది. దేశంలోని ప్రతి జట్టునూ, ప్రతి శిక్షకుని పద్ధతినీ పైనుండి, తీరికగా, పదేళ్లపాటు చూడగలిగారు. 1989లో సస్కాచెవాన్ హామిల్టన్‌ను 43–40తో ఓడించి రెండవ గ్రే కప్ సాధించింది. 1966 తర్వాత 23 ఏళ్లకు వచ్చిన విజయమది.

ఎడ్మంటన్: రెండవ అవకాశం

1991లో ఎడ్మంటన్ ఎస్కిమోస్ (2021 నుండి ఈ జట్టు పేరు ఎల్క్స్) ఆయనను ప్రధాన శిక్షకుడిగా నియమించింది. అప్పుడు ఆ జట్టు జనరల్ మేనేజర్ హ్యూ క్యాంప్‌బెల్. 4 గెలుపులు, 28 ఓటముల చరిత్ర గల మనిషిని పదేళ్ల విరామం తర్వాత పిలవడం సాహసమే. ఆయనను 1978లో నిలబడి సత్కరించిన నగరమే ఆయనకు రెండవ అవకాశం ఇచ్చింది.

ఎడ్మంటన్‌లో ఏడు సీజన్లలో 126 ఆటలకు 83 గెలుపులు వచ్చాయి. 1993 నవంబర్ 28న కాల్గరీలో జరిగిన గ్రే కప్‌లో ఆయన జట్టు విన్నిపెగ్‌ను 33–23తో ఓడించింది. ఆనాటి ఉత్తమ ఆటగాడు ఎడ్మంటన్ క్వార్టర్‌బ్యాక్ డేమన్ అలెన్. 1996లో మంచు కురుస్తుండగా జరిగిన తుది పోటీలో టొరంటో చేతిలో 43–37తో ఓడినా, ఆ ఏడాది ఉత్తమ శిక్షకుడి పురస్కారం ఆయనకే దక్కింది.

హామిల్టన్

1997లో హామిల్టన్ టైగర్ క్యాట్స్ 18 ఆటలలో రెండే గెలిచింది. 1998లో ఆ జట్టుకు లాంకాస్టర్ శిక్షకుడయ్యారు. ఎడ్మంటన్‌లో తన దగ్గర ఆడిన క్వార్టర్‌బ్యాక్ డానీ మెక్‌మానస్, బంతి అందుకునే డారెన్ ఫ్లూటీ ఇద్దరూ హామిల్టన్‌లో చేరారు. ఒక్క ఏడాదిలో జట్టు 12 గెలుపులు, 5 ఓటములు, ఒక సమాన ఫలితంతో గ్రే కప్ పోటీకి చేరింది. అక్కడ మళ్లీ పాత కథే. కాల్గరీ ఆఖరి ఫీల్డ్‌గోల్‌తో 26–24గా గెలిచింది. లాంకాస్టర్‌కు రెండవసారి ఉత్తమ శిక్షకుడి పురస్కారం లభించింది. 1999లో అవే రెండు జట్లు వాంకూవర్‌లో తలపడ్డాయి. ఈసారి హామిల్టన్ 32–21తో గెలిచింది. ఆ తర్వాత 2025 సీజన్ వరకు హామిల్టన్‌కు మరో గ్రే కప్ రాలేదు.

2003లో క్లబ్ యాజమాన్యం ఆర్థికంగా కుప్పకూలి, లీగే నిర్వహణ చేపట్టవలసి వచ్చింది. జట్టు 18 ఆటలలో ఒక్కటే గెలిచింది. ఆ ఏడాదితో లాంకాస్టర్ శిక్షకుడి బాధ్యత వదిలి క్లబ్ కార్యాలయానికి మారారు. 2006లో తొలి నాలుగు ఆటలూ ఓడిన జట్టు శిక్షకుణ్ణి తొలగించినప్పుడు, 67 ఏళ్ల వయసులో తాత్కాలిక శిక్షకుడిగా మళ్లీ మైదానం అంచున నిలబడి సీజన్ పూర్తిచేశారు.

రికార్డులు

ఆటగాడిగా లాంకాస్టర్ 6,233 బంతులు విసరగా 3,384 సహచరులకు చేరాయి. మొత్తం 50,535 గజాలు, 333 టచ్‌డౌన్లు. విరమించుకునే నాటికి ఈ లీగ్‌లో ఇన్ని గజాలు మరెవరికీ లేవు. 2000లో ఈ రికార్డును దాటినవాడు డేమన్ అలెన్. ఏడేళ్ల క్రితం లాంకాస్టర్ శిక్షణలో కప్ గెలిచిన వ్యక్తే. ఆయన విసిరిన బంతులలో ప్రత్యర్థుల చేజిక్కినవి 396. లీగ్ చరిత్రలో ఇదీ రికార్డే. 19 ఏళ్లు తెగించి విసిరినవానికే ఆ రెండు అంకెలూ సాధ్యం.

శిక్షకుడిగా ఆయన సాధారణ సీజన్ గెలుపులు 142. సస్కాచెవాన్‌లో 4, ఎడ్మంటన్‌లో 83, హామిల్టన్‌లో 55. తొలి నాలుగింటిని చూసి ఆయనను శిక్షకుడిగా పనికిరాడని తేల్చినవారు మిగిలిన 138ని ఊహించలేదు.

మరణం, స్మృతి

2008 వేసవిలో తనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నట్లు లాంకాస్టర్ ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబర్ 18న గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 69 ఏళ్లు.

ఆయన ధరించిన 23వ సంఖ్యను సస్కాచెవాన్ జట్టు మరెవరికీ ఇవ్వకుండా గౌరవసూచకంగా పక్కన పెట్టింది. జార్జ్ రీడ్ ధరించిన 34కూ అదే గౌరవం దక్కింది. ఆయన ఆడిన టేలర్ ఫీల్డ్‌లో 2016తో జట్టు ఆటలు ముగిశాయి. 2017 నుండి రఫ్‌రైడర్స్ ఆటలు రిజైనాలోని కొత్త స్టేడియంలో జరుగుతున్నాయి. 500 డాలర్లకు ఒట్టావా వదులుకున్న క్వార్టర్‌బ్యాక్ అందించిన 1966 కప్ తర్వాత ఆ జట్టు 1989, 2007, 2013, 2025 సంవత్సరాలలో మరో నాలుగుసార్లు గ్రే కప్ గెలిచింది.